మేకల గుట్ట వీధి

అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగంలో అలబామా అనే రాష్ట్రం ఉన్నది. దాని ముఖ్యపట్టణం మాంట్‌గొమరీ. అలబామా నది ఒడ్డున ఉన్న ఈ నగరానికి నడిబొడ్డున ఒక కూడలి ఉన్నది. కూడలికి తూర్పున ఒక గుట్ట. కూడలి నుంచి గుట్ట మీదికి తిన్నగా ఒక వెడల్పాటి వీధి పోతుంది. కూడలి పేరు కోర్టు స్క్వేర్. వీధి పేరు డెక్స్టర్ అవెన్యూ. గుట్టను మాత్రం అక్కడివారు మేకల గుట్ట అంటారు. ఊరు పెరగక పూర్వం అక్కడ మేకలు మేసేవట. ఇప్పుడు ఆ గుట్ట మీద తెల్లని గుమ్మటం గల శాసనసభా భవనం ఉన్నది.

ఈ వీధి పొడవు సుమారు అర మైలు. తీరికగా నడిచినా పది పన్నెండు నిమిషాలలో కూడలి నుంచి గుట్టకు చేరవచ్చు. కాని ఆ ఊళ్ళో ఉన్న నల్లజాతివారు ఈ చివరినుంచి ఆ చివరికి చేరటానికి నూరేళ్ళకు పైగా పట్టింది. అదెలా జరిగిందో తెలుసుకోవాలంటే మనం ఈ వీధివెంట నడిచి చూడాలి.

కూడలి మధ్య పోత ఇనుముతో చేసిన ఎత్తైన ఫౌంటెన్ ఉన్నది. దీన్ని 1885 లో కట్టారు. దాని శిఖరాన హీబీ విగ్రహం ఉంటుంది. గ్రీకు పురాణాలలో దేవతలకు అమృతం అందించే పిల్ల ఈమె. ఫౌంటెన్ కట్టకముందు ఇక్కడ నీళ్ళు ఊరే బావి ఉండేది. ఊరివాళ్ళందరూ వచ్చే చోటు గనక ఇక్కడే అమ్మకాలూ, వేలంపాటలూ జరిగేవి. పశువులను వేలం వేసేవారు, నేలలను వేలం వేసేవారు. వాటితోపాటు మనుషులను కూడా వేలం వేసేవారు.

ఆ మనుషులు ఆఫ్రికా నుంచి బలవంతాన తీసుకురాబడినవారి సంతానం. అలబామా నడుమ మన నల్లరేగడి వంటి నల్లని నేల పట్టీలాగా పరుచుకుని ఉన్నది. అది పత్తికి మంచి నేల. దూదిని గింజనుంచి వేరుచేసే జిన్ను యంత్రం 1793 లో వచ్చాక పత్తి సాగు విపరీతంగా పెరిగింది. పత్తి తీయటానికి మాత్రం యంత్రం లేదు, చేతులు కావాలి. అందుచేత వర్జీనియా వంటి పాత రాష్ట్రాల నుంచి బానిసలను కాలినడకనా, పడవలమీదా, తరువాత రైళ్ళమీదా మాంట్‌గొమరీకి తెచ్చి అమ్మారు. తల్లిని ఒక ఆసామి కొంటే బిడ్డను మరొక ఆసామి కొనేవాడు. 1860 జనాభా లెక్కల ప్రకారం అలబామాలో ఉన్నవారు సుమారు 9,64,000 మంది. వారిలో 4,35,000 మంది బానిసలే!

ఫౌంటెన్‌కు దగ్గిరలోనే వింటర్ బిల్డింగ్ అనే పాత మేడ ఉన్నది. 1861 లో ఈ మేడలో తంతి ఆఫీసు ఉండేది. అప్పటికి అబ్రహాం లింకన్ అమెరికాకు అధ్యక్షుడుగా ఎన్నికయాడు. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకరాదని ఆయన పక్షం వాదన. అది గిట్టక దక్షిణాది రాష్ట్రాలు కొన్ని విడిపోయి, వేరే ప్రభుత్వం పెట్టుకుని, మాంట్‌గొమరీని తమ మొదటి రాజధానిగా చేసుకున్నాయి. వారి అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ 1861 ఫిబ్రవరి 18 న గుట్ట మీద, శాసనసభా భవనం మెట్ల దగ్గిర ప్రమాణం చేశాడు. ఆయన నిలబడిన చోట ఇప్పటికీ ఒక ఇత్తడి నక్షత్రం ఉన్నది. ఏప్రిల్ 11 న వింటర్ బిల్డింగ్ నుంచి ఒక తంతి వెళ్ళింది. చార్ల్‌స్టన్ రేవులోని సమ్టర్ కోట లొంగకపోతే దానిమీద ఫిరంగులు పేల్చమని ఆ తంతి సారాంశం. మర్నాడు తెల్లవారకముందే ఫిరంగులు పేలాయి. అంతర్యుద్ధం మొదలయింది. అది నాలుగేళ్ళు సాగి, ఆరు లక్షలకు పైగా సైనికులను బలిగొన్నది.

యుద్ధంలో దక్షిణాది ఓడింది. 1865 లో బానిసత్వం రద్దయింది. జాతినీ, రంగునూ బట్టి వోటు హక్కు నిరాకరించరాదని 1870 లో రాజ్యాంగంలో చేర్చారు. దీనితో కథ ముగియవలసిందే. కాని ముగియలేదు. ఎందుకంటే, కాగితం మీద ఇచ్చిన హక్కును కాగితం మీదనే తీసేసే ఉపాయాలు కొందరు కనిపెట్టారు.

1901 లో మేకల గుట్ట మీద, శాసనసభా భవనంలో, అలబామాకు కొత్త రాజ్యాంగం తయారుచేశారు. నల్లవాళ్ళకు వోటు లేదని అందులో ఎక్కడా రాయలేదు. అలా రాస్తే అమెరికా రాజ్యాంగం ఒప్పుకోదు. అందుకని ఇలా రాశారు: వోటు కావాలంటే చదవటం, రాయటం వచ్చునని పరీక్షలో నెగ్గాలి, లేదా ఆస్తి ఉండాలి, ఏటా ఒకటిన్నర డాలరు వోటు పన్ను కట్టాలి, కట్టని ఏళ్ళ బాకీ కూడా తీర్చాలి. పరీక్ష పెట్టేవారు తెల్లవాళ్ళే. ఎవరు నెగ్గారో, ఎవరు తప్పారో చెప్పేవారు కూడా వారే. కొద్ది ఏళ్ళలోనే నల్లవాళ్ళ పేర్లు వోటర్ల జాబితాలో దాదాపు కనిపించకుండా పోయాయి. బీద తెల్లవాళ్ళలో కూడా చాలామంది వోటు పోగొట్టుకున్నారు.

వోటు లేనివాడి మాట వినేవాడు ఉండడు. అందుచేత వేరు బడులు వచ్చాయి. మంచినీళ్ళ కుళాయిలు వేరు, రైలు పెట్టెలు వేరు, ఆసుపత్రి గదులు వేరు అయాయి. ఒక వింత ఏమంటే, నగరమంతటా తిరిగే విద్యుత్ ట్రాములు అమెరికాలో మొట్టమొదట వచ్చింది మాంట్‌గొమరీలోనే. 1886 లో అవి ఈ కూడలినుంచే బయలుదేరాయి. బండి కొత్తదైనా బుద్ధి పాతదే. 1900 లో ట్రాములలో కూడా రంగును బట్టి వేరుగా కూర్చోవాలని నగరపాలకులు చట్టం చేశారు. అప్పుడే నల్లవాళ్ళు ట్రాములు ఎక్కటం మానేశారు. కాని ఆ పట్టు చివరిదాకా నిలవలేదు. 1936 లో ట్రాములు పోయి బస్సులు వచ్చాయి. కట్టుబాటు బస్సులకూ వచ్చింది.

ఆ బస్సుల సంగతి కాస్త వివరంగా తెలుసుకోవాలి. బస్సులో 36 మందికి చోటు. ముందరి 10 సీట్లూ తెల్లవాళ్ళవి. అవి ఖాళీగా ఉన్నా సరే, నల్లవాళ్ళు నిలబడే ప్రయాణం చేయాలి. వెనక 10 సీట్లు నల్లవాళ్ళవి. మధ్యనున్న 16 సీట్లలో నల్లవాళ్ళు కూర్చోవచ్చు గాని, తెల్లవాళ్ళకు చోటు చాలకపోతే డ్రైవరు చెప్పగానే లేవాలి. ఒక్క తెల్లవాడు కూర్చోవాలన్నా ఆ వరసలో ఉన్న నలుగురు నల్లవాళ్ళూ లేవాలి. ఒకే వరసలో ఇద్దరూ కూర్చుంటే సమానమైపోతారు గదా! చార్జీ 10 సెంట్లు. నల్లవాళ్ళు ముందు తలుపునుంచి ఎక్కి డబ్బు డబ్బాలో వేసి, మళ్ళీ కిందికి దిగి, వెనక తలుపు దగ్గిరికి పోయి ఎక్కాలి. వాళ్ళు వెనకకు నడిచేలోపల బస్సు కదిలిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి. బస్సులెక్కేవారిలో నాలుగింట మూడు వంతులమంది నల్లవాళ్ళే. అంటే బస్సు కంపెనీకి తిండి పెట్టేవారు వాళ్ళే. అవమానం పడేవారూ వాళ్ళే.

1955 మార్చి 2 న క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ళ పిల్ల బడినుంచి ఇంటికి పోతూ బస్సులో లేవనన్నది. ఆమె బడిలో అప్పుడే తన జాతి చరిత్ర గురించీ, రాజ్యాంగం గురించీ చదువుకుంటున్నది. ఇద్దరు పోలీసులు వచ్చి ఆమెను లాగి బయటపడేసి, చేతులకు సంకెళ్ళు వేసి తీసుకుపోయారు. నల్లవాళ్ళ పెద్దలు ఆమెను చూసి జాలిపడ్డారు. కాని, చిన్న పిల్ల. పెద్ద పోరాటానికి ఈమెను ముందు నిలబెట్టటం ఎలాగని సందేహించారు. ఆమె సంగతి చాలాకాలం ఎవరూ చెప్పుకోలేదు. అయినా దారి మొదట చూపినది ఆ పిల్లే.

అదే సంవత్సరం డిసెంబరు 1, గురువారం. ఈ కూడలిలోనే ఉన్న ఒక పెద్ద బట్టల దుకాణంలో కుట్టుపని ముగించుకుని రోసా పార్క్స్ అనే ఆమె ఇంటికి బయలుదేరి, ఈ కూడలిలోనే బస్సు ఎక్కింది. ఆమెకు 42 ఏళ్ళు. ఆమె కూర్చున్నది మధ్య భాగంలో, తెల్లవాళ్ళ సీట్లకు వెనక వరసలో. బస్సు నిండింది. ఒక తెల్లవాడు నిలబడవలసివచ్చింది. డ్రైవరు వెనకకు తిరిగి ఆ వరసలోని నలుగురినీ లేవమన్నాడు. ముగ్గురు లేచారు. రోసా పార్క్స్ లేవలేదు.

"లేస్తావా, లేవవా?" అన్నాడు డ్రైవరు.

"లేవను," అన్నది ఆమె.

"అయితే అరెస్టు చేయిస్తాను."

"చేయించండి," అన్నది ఆమె నెమ్మదిగా.

పనిచేసి అలిసిపోయి ఉన్నందున ఆమె లేవలేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ రోజు తన ఒళ్ళు ప్రత్యేకించి ఏమీ అలిసిపోలేదనీ, తనకు విసుగు పుట్టింది లొంగి లొంగి ఉండటంతోనేననీ ఆమె తరువాత చెప్పింది. ఆమె 1943 నుంచి నల్లవాళ్ళ హక్కుల సంఘానికి కార్యదర్శిగా పనిచేస్తూ వచ్చింది. అన్యాయాలు జరిగిన ఇళ్ళకు పోయి, వివరాలు రాసుకుని వచ్చేది. ఎంతో కాలంగా తడిసిన నేల మీదనే మొక్క మొలుస్తుంది. ఆ ఒక్క సాయంకాలం కురిసిన వానకు కాదు.

ఆ రాత్రే మరొకామె పని మొదలుపెట్టింది. ఆమె జో ఆన్ రాబిన్సన్. నల్లవాళ్ళ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేది. మహిళా రాజకీయ మండలికి అధ్యక్షురాలు. ఒక తోటి ఉపాధ్యాయుణ్ణీ, ఇద్దరు విద్యార్థులనూ తోడు తీసుకుని ఆమె కాలేజీకి పోయి, రాత్రంతా మేలుకుని సైక్లోస్టైలు యంత్రం మీద వేలకొద్దీ కరపత్రాలు తీసింది. సోమవారంనాడు ఎవరూ బస్సు ఎక్కవద్దని వాటి సారాంశం. తెల్లవారగానే ఆ కట్టలు బడులకు చేరాయి. పిల్లలు వాటిని ఇళ్ళకు తీసుకుపోయారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

ఇప్పుడు కూడలి వదిలి వీధివెంట పైకి నడుద్దాం. గుట్ట దగ్గిరపడుతుండగా, శాసనసభా భవనానికి కూతవేటు దూరంలో, ఎర్ర ఇటికెల చర్చి కనిపిస్తుంది. అది డెక్స్టర్ అవెన్యూ చర్చి. బానిసత్వం పోయిన తరువాత, 1877 లో, నల్లవాళ్ళు ఒక సంఘంగా చేరి దీన్ని స్థాపించారు. వాళ్ళు మొట్టమొదట సమావేశమైనది ఒక బానిసల వర్తకుడు పూర్వం మనుషులను బంధించి ఉంచిన కొట్టులో! తరువాత 270 డాలర్లకు ఈ స్థలం కొని, కొద్దికొద్దిగా చర్చి కట్టుకున్నారు. చట్టాలు చేసే భవనానికి ఎదురుగా, ఆ చట్టాలు భరించేవారి చర్చి.

1954 లో ఈ చర్చికి పాదిరిగా మార్టిన్ లూథర్ కింగ్ అనే పాతికేళ్ళ యువకుడు వచ్చాడు. రోసా పార్క్స్ అరెస్టయిన మర్నాటి రాత్రి ఊరి పెద్దలు ఈ చర్చి నేలమాళిగలోనే కలుసుకుని, బస్సుల బహిష్కారానికి నిశ్చయం చేశారు.

డిసెంబరు 5, సోమవారం తెల్లవారింది. కింగూ, ఆయన భార్య కొరెట్టా కిటికీ దగ్గిర ఎదురుచూస్తూ నిలబడ్డారు. ఎప్పుడూ నల్లజాతి పనివాళ్ళతో కిక్కిరిసి పోయే మొదటి బస్సు వచ్చింది. అందులో ఎవరూ లేరు. రెండో బస్సు కూడా అంతే. ఆ సాయంకాలం మరొక చర్చిలో వేలమంది చేరారు. ఒక్క రోజుతో ఆపకూడదన్నారు. పోరాటం నడిపే సంఘానికి కింగ్‌ను అధ్యక్షుడుగా ఎన్నుకున్నారు.

వాళ్ళు మొదట అడిగింది చాలా తక్కువ. డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి. ముందు వచ్చినవారికి ముందు చోటు దొరకాలి. నల్లవాళ్ళ పేటలకు పోయే బస్సులమీద నల్ల డ్రైవర్లను కూడా పెట్టాలి. ఇంతే. ఈ మాత్రం ఇవ్వటానికి కూడా నగరపాలకులూ, కంపెనీవారూ ఒప్పుకోలేదు. నాలుగు రోజులు వాన పడితే వీళ్ళే మళ్ళీ బస్సులెక్కుతారనుకున్నారు.

సుమారు 50,000 మంది ఉన్న సమాజం బస్సు లేకుండా ఎలా బతకాలి? మొదట నల్లవాళ్ళ టాక్సీలు బస్సు చార్జీకే, 10 సెంట్లకే జనాన్ని తీసుకుపోయాయి. చట్టం ప్రకారం టాక్సీకి కనీసం 45 సెంట్లు తీసుకోవాలని పోలీసులు పట్టుబట్టారు. అప్పుడు కార్లున్నవాళ్ళు ముందుకు వచ్చారు. దాదాపు 300 కార్లు తిరిగాయి. పొద్దున ఎక్కడ ఎక్కాలో, సాయంకాలం ఎక్కడ కలుసుకోవాలో పటాలు గీసి, వేళలు రాసి పంచారు. చర్చిలు డబ్బు వేసుకుని పెద్ద బండ్లు కొన్నాయి. అక్కడి భీమా కంపెనీలు ఆ బండ్లకు భీమా రద్దు చేస్తే, లండన్‌నుంచి భీమా తెచ్చుకున్నారు. అయినా చాలామంది నడిచే పోయారు. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు మైళ్ళకొద్దీ నడిచారు. ఒక ముసలమ్మను కారెక్కమంటే, కాళ్ళు నొస్తున్నా మనసు హాయిగా ఉన్నదని చెప్పి నడిచిపోయిందట.

పెట్రోలుకు డబ్బు కావాలి గదా! జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి కొందరు ఆడవాళ్ళను చేర్చి, కోడి వేపుళ్ళూ, కేకులూ, తీపి పై రొట్టెలూ చేసి ఇంటింటా అమ్మి, వచ్చిన డబ్బును ప్రతి సభలోనూ ఇచ్చేది. ఈ డబ్బు ఎక్కడిదని అడిగితే, "ఎక్కడిదీ కాదు," అని జవాబు. పేర్లు బయటపడితే వాళ్ళ ఉద్యోగాలు పోతాయి! అందుకే వాళ్ళ సంఘానికి 'ఎక్కడా లేని క్లబ్బు' అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. కొన్నవాళ్ళలో తెల్లవాళ్ళు కూడా ఉండేవారు. తమ డబ్బు ఎటు పోతున్నదో వాళ్ళకు తెలియదు.

తెల్లవాళ్ళందరూ ఒకే రకం కాదు. జూలియెట్ మోర్గన్ అనే ఆమె నగర గ్రంథాలయంలో ఉద్యోగి. బహిష్కారం మొదలైన వారానికే, డిసెంబరు 12 న, ఆమె రాసిన లేఖ స్థానిక పత్రికలో వచ్చింది. ఈ జనం గాంధీ దగ్గిర పాఠం నేర్చుకున్నట్టున్నారని ఆమె రాసింది. ఆ లేఖ వల్ల ఆమెకు ఎన్నో బెదిరింపులు వచ్చాయి. ఆమె రాసినది ఉత్త పోలిక కాదు. కింగ్ చదువుకునే రోజులలోనే గాంధీ గురించి చదివాడు. అన్యాయానికి సహకరించకూడదు, అయితే అన్యాయం చేసేవాణ్ణి ద్వేషించకూడదు అనే మార్గం ఆయనకు బాగా నచ్చింది.

ఆ మార్గానికి పరీక్ష త్వరలోనే వచ్చింది. 1956 జనవరి 30 రాత్రి కింగ్ ఇంటి వాకిట బాంబు పేలింది. ఆయన సభలో ఉన్నాడు. ఇంట్లో భార్యా, పసిబిడ్డా ఉన్నారు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. వార్త విని వందలమంది వచ్చారు. కొందరి చేతుల్లో ఆయుధాలున్నాయి. కింగ్ వాకిట నిలబడి, ఆయుధాలు ఇళ్ళకు తీసుకుపొమ్మనీ, శత్రువును ప్రేమించాలనీ, తాను లేకపోయినా పని ఆగదనీ చెప్పాడు. జనం శాంతించి వెళ్ళిపోయారు. బాంబు పేలిన గుర్తు ఆ ఇంటి వాకిట ఇప్పటికీ ఉన్నది.

తరువాత దాదాపు 90 మందిని అరెస్టు చేశారు. కింగ్‌కు 500 డాలర్ల జరిమానా వేశారు. రోసా పార్క్స్ పని పోయింది. అయినా బస్సులు ఖాళీగానే తిరిగాయి.

ఇంతలో ఫ్రెడ్ గ్రే అనే పాతికేళ్ళ నల్లజాతి వకీలు పెద్ద కోర్టులో దావా వేశాడు. తమకు అన్యాయం జరిగిందని చెప్పిన నలుగురూ ఆడవాళ్ళే. వారిలో ఒకరు క్లాడెట్ కాల్విన్! పెద్ద పోరాటానికి పనికిరాదనుకున్న పిల్ల న్యాయస్థానంలో నిలబడి, జరిగినదంతా చెప్పింది. బస్సుల కట్టుబాటు రాజ్యాంగానికి విరుద్ధమని ఆ కోర్టు తీర్పు చెప్పింది. 1956 నవంబరు 13 న సుప్రీం కోర్టు దాన్ని స్థిరపరచింది. ఉత్తరువు డిసెంబరు 20 న ఊరు చేరింది. మర్నాడు నల్లవాళ్ళు బస్సులెక్కి, తమకు ఇష్టమైన చోట కూర్చున్నారు. వాళ్ళు నడిచినది 381 రోజులు.

1959 లో కింగ్ దంపతులు భారతదేశానికి వచ్చారు. కేరళలో ఒక బడికి వెళ్ళినప్పుడు, హరిజన బాలలున్న ఆ బడి పెద్ద ఆయనను, అమెరికానుంచి వచ్చిన మన తోటి అంటరానివాడని పిల్లలకు పరిచయం చేశాడట. ఆ మాట వినగానే తాను ఉలిక్కిపడ్డాననీ, తరువాత ఆలోచిస్తే అది నిజమేననిపించిందనీ కింగ్ ఒక ప్రసంగంలో చెప్పాడు. గాంధీ దేశంలో కూడా ఆ వ్యాధి ఉన్నదని దీనివల్ల మనం తెలుసుకోవాలి.

చర్చి దాటి మనం గుట్ట ఎక్కుదాం. బస్సులో చోటు దొరికింది గాని, ఈ భవనంలోకి పంపటానికి వోటు ఇంకా దొరకలేదు. 1963 జనవరిలో జార్జ్ వాలెస్ అనే గవర్నరు, జెఫర్సన్ డేవిస్ నిలబడిన చోటనే నిలబడి ప్రమాణం చేస్తూ, నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఎప్పటికీ వేరుగానే ఉండాలని ప్రకటించాడు.

మాంట్‌గొమరీకి పడమట 54 మైళ్ళ దూరాన సెల్మా అనే చిన్న ఊరు ఉన్నది. ఆ జిల్లాలో వోటు వయసు వచ్చిన నల్లవాళ్ళు సుమారు 15,000 మంది. 1965 ఆరంభంలో వోటర్ల జాబితాలో ఉన్నవారు సుమారు 300 మంది. పేర్లు నమోదు చేసే ఆఫీసు నెలకు రెండే రోజులు తెరిచేవారు. 1965 మార్చి 7, ఆదివారంనాడు సుమారు 600 మంది సెల్మానుంచి మాంట్‌గొమరీకి కాలినడకన బయలుదేరారు. ఊరి చివర వంతెన దాటగానే పోలీసులు లాఠీలతోనూ, గుర్రాలతోనూ, బాష్పవాయువుతోనూ వాళ్ళమీద పడ్డారు. చాలామందికి తలలు పగిలాయి. దెబ్బలు తిన్నవారిలో లిండా బ్లాక్‌మన్ అనే 14 ఏళ్ళ పిల్ల ఉన్నది. ఆమె గాయాలకు 35 కుట్లు పడ్డాయి. ఈ దృశ్యం ఆ రాత్రే టెలివిజన్‌లో దేశమంతా చూసింది.

రెండు వారాల తరువాత, మార్చి 21 న, కోర్టు అనుమతితోనూ, సైన్యం కాపలాతోనూ మళ్ళీ బయలుదేరారు. ఈసారి 3,000 మందికి పైగా ఉన్నారు. రోడ్డు సన్నబడే చోట 300 మందినే పోనిచ్చారు. నాలుగు రాత్రులు డేరాలలో, బురదలో పడుకున్నారు. ఒంటికాలు మనిషి ఒకడు చంకకర్రలతో నడిచాడు. కుట్లు పడిన లిండా కూడా నడిచింది. రెండో రోజున ఆమెకు 15 ఏళ్ళు నిండాయి. మొదటినుంచి చివరిదాకా నడిచినవారిలో ఆమె అందరికన్నా చిన్నది.

మార్చి 25 న వాళ్ళు మాంట్‌గొమరీ వీధులలోకి వచ్చేసరికి జనం 25,000 అయారు. ఒకప్పుడు తమ తాతముత్తాతలను వేలం వేసిన కూడలి మీదుగా, రోసా పార్క్స్ బస్సెక్కిన చోటు మీదుగా, ఎర్ర ఇటికెల చర్చి ముందునుంచి, మేకల గుట్టకు నడిచి వచ్చారు. రోసా పార్క్స్ కూడా వచ్చింది. భవనం మెట్లమీదికి వాళ్ళను రానివ్వలేదు. ఒక లారీ మీద వేదిక కట్టి, కింగ్ అక్కడినుంచే మాట్లాడాడు. గవర్నరు తెరల సందునుంచి చూశాడే గాని, ఆ రోజు అర్జీ పుచ్చుకోవటానికి బయటికి రాలేదు. ఆ రాత్రే, నడిచినవారిని కారులో ఇళ్ళకు చేరుస్తున్న వయోలా లియుజో అనే తెల్లజాతి తల్లిని దుర్మార్గులు కాల్చి చంపారు. ఆమెకు ఐదుగురు పిల్లలు.

1965 ఆగస్టు 6 న వోటు హక్కుల చట్టం వచ్చింది. దొంగ పరీక్షలు పోయాయి. కొద్ది కాలంలోనే ఆ జిల్లాలో వేలమంది నల్లవాళ్ళ పేర్లు జాబితాకు ఎక్కాయి. 1995 లో సెల్మా నడకకు 30 ఏళ్ళు నిండినప్పుడు అదే దారిన మళ్ళీ నడిచి వచ్చినవారిని, ఒకప్పుడు బయటికి రాని గవర్నరు వాలెస్, ముసలివాడై, చక్రాల కుర్చీలో వచ్చి, చేతులు పట్టుకుని పలకరించాడు.

ఈనాడు మాంట్‌గొమరీకి పోయినవారికి కూడలిలో ఫౌంటెన్ దగ్గిర రోసా పార్క్స్ విగ్రహం కనిపిస్తుంది. దాన్ని 2019 డిసెంబరు 1 న ఆవిష్కరించారు. అంతకు కొద్ది వారాల ముందే ఆ నగరానికి మొట్టమొదటిసారిగా ఒక నల్లజాతి మేయరు పదవిలోకి వచ్చాడు. చర్చి వెనక వీధిలో నల్లరాతి బల్ల ఒకటి ఉన్నది. ఈ పోరాటంలో ప్రాణాలు పోగొట్టుకున్నవారి పేర్లు దానిమీద చెక్కారు. పేర్లమీదుగా పల్చగా నీరు పారుతూ ఉంటుంది. వచ్చినవారు ఆ నీటిలో చెయ్యి పెట్టి పేర్లు తడుముతారు. క్లాడెట్ కాల్విన్ మీద చిన్నతనంలో పెట్టిన కేసును 2021 లో కోర్టు కొట్టివేసి, దస్త్రాలనుంచి తుడిచేసింది. అప్పటికి ఆమెకు 82 ఏళ్ళు.

అన్ని సంగతులూ చక్కబడ్డాయని అనుకోరాదు. 1965 చట్టంలోని ఒక ముఖ్య భాగాన్ని 2013 లో సుప్రీం కోర్టు కొట్టివేసింది. ఆ కేసు కూడా అలబామానుంచి వచ్చినదే. ఆనాటినుంచి వోటు గురించి కోర్టులలో కొత్త తగాదాలు వస్తూనే ఉన్నాయి.

1901 లో మేకల గుట్ట మీద రాసిన రాజ్యాంగం మాత్రం ఇప్పుడు అలాగే లేదు. అందులో మిగిలిన వోటు పన్ను మాటలనూ, వేరు బడుల మాటలనూ తీసివేసి, తిరగరాసిన ప్రతిని 2022 నవంబరులో ప్రజల ముందు పెట్టారు. అలబామా వోటర్లు దాన్ని ఆమోదించారు. ఆ రోజు వోటు వేయటానికి వరసలో నిలబడినవారిలో, ఎవరి పేర్లు ఆ జాబితాలో ఎప్పటికీ ఉండరాదని 1901 లో ఆ మాటలు రాశారో, వారి మునిమనుమలూ మునిమనుమరాళ్ళూ ఉన్నారు.